మంచం పట్టినవాళ్లకు ఇంటి దగ్గరే సేవ: మన ఊళ్లో ఎలా మొదలుపెట్టాలి

"ఇంక మేం చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి."

ఈ మాట విన్న కుటుంబాలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊళ్లో చూసినా కనిపిస్తాయి. చెన్నైకో, వేలూరుకో, తిరుపతికో తిప్పి, పొలం తాకట్టు పెట్టి, చివరికి ఆ మాటతో పాటు సంచీ నిండా రిపోర్టులు పట్టుకుని బస్సు దిగుతారు. ఆ రోజు నుంచి మనిషి పోయే రోజు దాకా మూడు వారాలు పట్టొచ్చు, ఎనిమిది నెలలు పట్టొచ్చు. అన్నాళ్లూ ఎవరు చూడాలి, ఎలా చూడాలి అంటే ఎవరూ చెప్పరు.

మా నాయనకు పాంక్రియాస్ క్యాన్సర్. ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చిన చీటీలో రెండు రకాల మాత్రలు, ఒక టానిక్ ఉన్నాయి. పడుకుంటే నొప్పి ఎక్కువవుతుందని పదకొండు రాత్రులు ఆయన మోకాళ్ల మీదికి వంగి కూర్చునే ఉన్నాడు. నేను స్టాఫ్ నర్సుని. పక్కనే ఉన్నాను. ఏం చేయాలో తెలియలేదు. నోటితో వేసుకునే మార్ఫిన్ మాత్ర ఒకటి ఉంటుందని, అది ఖరీదైన మందేం కాదని, ఆయన పోయిన రెండేళ్లకు ఒక ట్రైనింగ్‌లో తెలిసింది. ఆ తర్వాతే ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నెల్లూరు దగ్గర కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊళ్లలో ఇళ్లకు వెళ్లి చూస్తున్నాం. మీ ఊళ్లో మీరూ ఇలాంటి జట్టు కట్టుకోవాలనుకుంటే ఎలా చేయాలో, మాకు అనుభవం మీద తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

మొదటి అడుగు: భవనం సంగతి మర్చిపోండి

హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే చోటు) అనగానే అందరూ ముందు స్థలం, భవనం, దాత అంటారు. అక్కడే రెండేళ్లు గడిచిపోతాయి. లండన్‌లో సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచినప్పుడు అది భవనమే. మన దేశంలో 1986లో ముంబైలో మొదలైన శాంతి అవేదన సదన్ కూడా భవనమే. అవి కావాల్సినవాళ్లు ఉన్నారు. కానీ మన ఊళ్ల మనుషులు చివరి రోజుల్లో అడిగేది సొంత ఇంటినే. వాకిలి కనిపించాలి, గేదె అరుపు వినిపించాలి, మనవళ్లు అటూ ఇటూ తిరుగుతుండాలి.

మనకు పనికొచ్చేది కేరళ దారి. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మెడికల్ కాలేజీలో చిన్నగా మొదలుపెట్టారు. తర్వాత తర్వాత ఊరివాళ్లే జట్లు కట్టి, నర్సుని పెట్టుకుని, ఇల్లిల్లూ తిరగడం అలవాటైంది. 2008లో కేరళ ప్రభుత్వం దానికి ఒక విధానమే తెచ్చింది. దీన్ని పాలియేటివ్ కేర్ అంటారు. జబ్బు నయమైనా కాకపోయినా మనిషి బాధను తగ్గించే వైద్యం అని చెప్తే ఎవరికైనా అర్థమవుతుంది. మీ ఊళ్లో ఈ పేరు కూడా వాడక్కర్లేదు. మా దగ్గర "ఇంటికొచ్చి చూసేవాళ్లు" అంటారు, అది చాలు.

రెండో అడుగు: ఎవరున్నారో తెలుసుకోండి

మీ పంచాయతీతోనే మొదలుపెట్టండి. మండలం మొత్తం మీద వేసుకోకండి.

ప్రతి నెలా ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చే సచివాలయం ఉద్యోగికి ఏ ఇంట్లో ఎవరు మంచం మీద ఉన్నారో అందరికంటే బాగా తెలుసు, ఎందుకంటే వాళ్ల వేలిముద్ర కోసం మంచం దాకా వెళ్తాడు. తర్వాత ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. ఆ తర్వాత ఆర్‌ఎంపీ డాక్టరు, మందుల షాపాయన. "చావుబతుకుల్లో ఎవరున్నారు" అని అడగకండి, ఆ మాట ఆ ఇంటికి చేరితే మిమ్మల్ని గడప తొక్కనివ్వరు. "మంచం దిగలేకుండా ఎవరున్నారు, నొప్పితో రాత్రిళ్లు నిద్రపోనివాళ్లు ఎవరున్నారు" అని అడగండి.

క్యాన్సర్‌వాళ్లే ఉంటారనుకుంటాం. మా మొదటి జాబితాలో సగం మందికి పైగా పక్షవాతంవాళ్లు, బాగా వయసు మళ్లినవాళ్లు. డయాలసిస్ ఆపేసుకున్నవాళ్లు, గుండె బాగా బలహీనపడినవాళ్లు, ఊపిరితిత్తుల జబ్బుతో నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాళ్లు కూడా ఉన్నారు. కనిగిరి వైపైతే ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు బిగుసుకుపోయి మంచానికే అతుక్కుపోయినవాళ్లూ మీ జాబితాలోకి వస్తారు. పేర్లు ఒక రిజిస్టర్‌లో రాయండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి. ఒకరి జబ్బు ఊరందరి ఫోన్లలో తిరగకూడదు.

మూడో అడుగు: జట్టు

ఒక నర్సు, నెలకు రెండు సార్లైనా వచ్చి మిగతా రోజుల్లో ఫోన్ ఎత్తే ఒక డాక్టరు, ఐదారుగురు వాలంటీర్లు, పిలిస్తే వచ్చే ఒక ఆటో. ఇంతకంటే ఎక్కువతో మొదలుపెట్టొద్దు. రిటైరైన ఏఎన్‌ఎంలు, ఉద్యోగం మానేసి ఇంట్లో ఉన్న బీఎస్సీ నర్సింగ్ ఆడపిల్లలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు, వెతకండి. నర్సుకి మాత్రం జీతం ఇవ్వాల్సిందే. ఉచితంగా చేయమంటే ఆరు నెలలకు మానేస్తుంది, తప్పు ఆమెది కాదు.

డాక్టర్‌కి, నర్సుకి ఈ వైద్యంలో ట్రైనింగ్ తప్పనిసరి. తిరువనంతపురంలోని పాలియం ఇండియా, ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ కోర్సులు నడుపుతున్నాయి, ఆన్‌లైన్‌లో కూడా నేర్చుకోవచ్చు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో, వేలూరు సీఎంసీలో ఈ విభాగాలు ఉన్నాయి. వెళ్లి నాలుగు రోజులు చూసి వస్తే సగం భయం పోతుంది.

వాలంటీర్లకు మొదటి రోజే గట్టిగా చెప్పాల్సినవి: ఇంజెక్షన్ వేయకూడదు, మందు మార్చమని చెప్పకూడదు, ఈ ఇంట్లో విన్నది ఆ ఇంట్లో చెప్పకూడదు, మతం గురించీ పార్టీ గురించీ మాట్లాడకూడదు. వాళ్లు చేయగలిగింది చాలా ఉంది. స్నానం చేయించడం, గోళ్లు తీయడం, గడ్డం గీయడం, మందులు తెచ్చివ్వడం, కూర్చుని మాట్లాడటం. మా జట్టులో మంగలి పని చేసే తమ్ముడొకడు ఉన్నాడు. నెలల తరబడి గడ్డం పెరిగిన పెద్దాయనకు శుభ్రంగా గీసి అద్దం చూపిస్తే, ఆయన ముఖం చూడాలి మీరు.

నాలుగో అడుగు: సంచీ

బీపీ మిషను, థర్మామీటరు, గ్లౌజులు, గాజుగుడ్డ, దూది, ప్లాస్టర్, యూరిన్ గొట్టాలు, బ్యాగులు, ముక్కు గొట్టం, సిరంజీలు, చిన్న కత్తెర, టార్చిలైటు, చెత్తకు వేరే కవరు. డాక్టరు రాసిచ్చిన మందులు. పేపరు, పెన్ను. ఇంటింటికీ అరువు ఇవ్వడానికి పంపుతో గాలి నింపే రెండు ఎయిర్ బెడ్లు, ఒక చక్రాల కుర్చీ, ఒక కమోడ్ కుర్చీ ఉంటే పెళ్లికి పందిరి దొరికినట్టే. వీటిని కొనక్కర్లేదు కూడా. ప్రతి ఊళ్లో అటకల మీద దుమ్ము పట్టి ఉంటాయి, అడగండి.

ఐదో అడుగు: మొదటిసారి ఆ ఇంటికి వెళ్లినప్పుడు

దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను. మొదటి రోజు తేడా వస్తే తర్వాత ఎన్ని మందులు తెచ్చినా ఆ ఇల్లు మీకు తెరుచుకోదు.

ఇద్దరే వెళ్లండి. తెల్లకోటు వద్దు. మంచం పక్కన కుర్చీ వేసుకునో, కింద కూర్చునో, ఆ మనిషి కళ్లకు సమానంగా ఉండేట్టు చూసుకోండి. నిలబడి మాట్లాడితే రౌండ్లకొచ్చిన డాక్టరులాగే ఉంటుంది. మొదటి పది నిమిషాలు రిపోర్టులు ముట్టుకోవద్దు. "ఏమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగి ఆగండి. ఆగడమే కష్టం. మనకు ఊరికే ఉండటం అలవాటు లేదు, వెంటనే "ఏం కాదులే, తగ్గిపోతుంది" అనేస్తాం. ఆ మాట అన్నామంటే ఆ మనిషి ఇంక మనతో నిజం మాట్లాడడు.

గేటు దగ్గరే కొడుకో కోడలో చెయ్యి పట్టుకుని ఆపుతారు. "మా నాయనకు క్యాన్సర్ అని తెలీదక్కా, చెప్పొద్దు." దాదాపు ప్రతి ఇంట్లో ఇదే. వాళ్లను కసరకండి, ప్రేమతోనే అలా అంటున్నారు. నేను చెప్పేది ఇది: "నా అంతట నేను చెప్పను నాయనా. కానీ ఆయనే నన్ను అడిగితే అబద్ధం మాత్రం చెప్పలేను. అడిగితే ముందు ఏం తెలుసుకోవాలని ఉందో కనుక్కుని, అంత వరకే చెప్తాను." దీనికి కాదన్నవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఒక పెద్దాయన ఇలాగే. ఇంట్లో అందరూ అల్సర్ అని చెప్పి పెట్టారు. మూడోసారి వెళ్లినప్పుడు ఆయన కోడలు టీకి లోపలికి వెళ్లగానే, "పాపా, నేనింక లేవను కదా?" అన్నాడు. "మీకేమనిపిస్తోంది తాతా?" అన్నాను. కాసేపు దూలం వైపు చూశాడు. "మనవరాలి పెళ్లి వైశాఖంలో పెట్టుకున్నారు. అప్పటికి నేనుండను. నేను చెప్తే ఏడుస్తారు, నువ్వు చెప్పు, ముందుకు జరపమని." మాఘంలో ముహూర్తం దొరికింది. ఇంటి ముందే పందిరి వేశారు. ఆయన మంచాన్ని అరుగు మీదికి తెచ్చారు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు, వాళ్లు దాచినదాన్ని ఆయన ఒక్కడే మోశాడు.

ఆరో అడుగు: నొప్పి

నొప్పిని ముందు కొలవాలి. సున్నా నుంచి పదిలో ఎంత అని ఆసుపత్రుల్లో అడుగుతారు. మన ముసలివాళ్లకు అది తోచదు. "రూపాయికి పదహారణాలు కదా అవ్వా, ఇప్పుడు ఎన్నణాల నొప్పి?" అని అడగండి. ఠక్కున చెప్తారు. "పద్నాలుగణాలమ్మా" అన్న అవ్వ, మందు పడిన మూడు రోజులకు "నాలుగణాలుంటుందేమో, అదుంటే ఉండనీలే" అంటుంది. అణాలు ఎరగని వయసువాళ్లకు చేతివేళ్లు చాలు. ఎక్కడ, ఎప్పటి నుంచి, మంటలాగా, పోటులాగా, కరెంటు షాక్ లాగా ఎలా ఉంది, దేనితో ఎక్కువవుతుంది అని రాసుకుని డాక్టర్‌కి చెప్పండి. మంటగా, షాక్ కొట్టినట్టు ఉండే నరాల నొప్పికి మందులు వేరు. ఎముకల్లోకి పాకిన క్యాన్సర్ నొప్పికి కొద్దిపాటి రేడియేషన్‌తోనే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది, "ఇంక వైద్యం లేదు" అన్నవాళ్లకు కూడా. ఆ సంగతి డాక్టర్‌ని ప్రత్యేకంగా అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో చెప్పిన మెట్ల పద్ధతినే ఇప్పటికీ అందరూ మొదట నేర్చుకుంటారు. తక్కువ నొప్పికి పారాసిటమాల్ లాంటివి, ఆపైన ట్రమడాల్ లాంటివి, తీవ్రమైన నొప్పికి మార్ఫిన్. అన్నిటికంటే ముఖ్యం గడియారం ప్రకారం వేయడం. నొప్పి వచ్చాక వేద్దామని ఆగితే, ప్రతిసారీ నొప్పి ముందుంటుంది, మందు వెనక పరిగెత్తుతుంది. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి వేయాలి. ఇంట్లో చదువు రానివాళ్లు ఉంటే గోడ మీద సూర్యుడు, చంద్రుడు, అన్నం కంచం బొమ్మలు గీసి పక్కన మాత్ర అంటించండి.

మార్ఫిన్ అనగానే రెండు భయాలు. ఒకటి, అలవాటు పడిపోతారని. డాక్టరు చెప్పిన లెక్కలో, నొప్పికి వాడినప్పుడు వ్యసనంగా మారడం అరుదు. రెండు, ఇది చివరి మందు, ఇచ్చారంటే పోతారని. నొప్పి తగ్గాక లేచి కూర్చుని, మజ్జిగన్నం తిని, నెలల పాటు బతికినవాళ్లను నేను చూశాను. ఈ రెండు మాటలూ మందు ఇచ్చే రోజే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి చెప్పండి, లేకపోతే ఎదురింటాయన మాట విని మాత్రలు డబ్బాలోనే ఉంచేస్తారు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మొదటి రెండు మూడు రోజులు మగతగా, కొందరికి వాంతి వచ్చినట్టుగా ఉంటుంది, సాధారణంగా అవి తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు. అందుకే మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మందు కూడా రాయించుకోవాలి, మర్చిపోతే మాత్రం కడుపు బిగిసి ఆ బాధ నొప్పిని మించిపోతుంది. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, మోతాదు మారుతుంది. లేపితే లేవనంత మత్తు, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయాలి. హఠాత్తుగా మానేయకూడదు. ఒకరి మాత్ర ఇంకొకరికి ఇవ్వకూడదు.

ఇది ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద చాలా కాలం లైసెన్సుల చిక్కుల్లో ఉండిపోయింది. 2014లో చట్టాన్ని సవరించాక, రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల గుర్తింపు పొందిన ఆసుపత్రి దీన్ని తెప్పించి ఇవ్వొచ్చు. మీ జట్టు చేయాల్సిన పని, దగ్గర్లో అలాంటి గుర్తింపు ఎవరికి ఉందో కనుక్కుని వాళ్లతో కలవడం. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో, నెల్లూరు రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రిలో ముందు అడగండి. లేదంటే మీ డాక్టరు పనిచేసే ఆసుపత్రి చేతనే దరఖాస్తు పెట్టించండి. మాత్రల లెక్క రిజిస్టర్‌లో ఉండాలి, ఇంట్లో మాత్రలు తాళం వేసిన డబ్బాలో ఉండాలి, మిగిలినవి తిరిగి అప్పగించాలి. ఈ లెక్క దగ్గర ఎవరికీ మొహమాటం వద్దు.

ఏడో అడుగు: పుండు, వీపు, నోరు

ఇందుకూరుపేట దాటాక సముద్రం వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ. నలభై ఏళ్లు ఆకూ వక్కా పొగాకు నమిలింది, చెంపకు క్యాన్సర్ వచ్చి బయటికి పుండు పడింది. వాసనకు ఇంట్లోవాళ్లు మంచాన్ని పశువుల కొట్టం పక్కన వేశారు. అన్నం కంచం దూరంగా పెట్టి వెళ్తున్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, ఆ వాసన నిజంగా భరించలేం. అవ్వ చీర కొంగు ముఖం నిండా కప్పుకుని ఉంది, తీయనంది.

ఉప్పునీళ్లు కాచి చల్లార్చి (అర లీటరు నీళ్లకు ఒక చెంచా ఉప్పు, పది నిమిషాలు మరగాలి) పుండు మెల్లగా కడిగాం. అంటుకుపోయిన గుడ్డను లాగలేదు, నీళ్లతో నానబెట్టి తీశాం. పురుగులు పడి ఉంటే నర్సే టర్పెంటైన్‌తో బయటికి రప్పించి పట్టకారుతో తీస్తుంది, ఇంట్లోవాళ్లు ప్రయత్నించకూడదు. తర్వాత డాక్టరు చెప్పినట్టు మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి ఆ పొడి పుండు మీద చల్లి, పైన పాత నూలు చీర ముక్క ఉడకబెట్టి ఆరేసింది కప్పాం. కోడలికి చేతిలో చెయ్యేసి నేర్పాం. రోజుకోసారి అంతే. నాలుగో రోజు వెళ్లేసరికి మంచం వరండాలో ఉంది. ఎనిమిదేళ్ల మనవడు ఆ మంచం మీదే కూర్చుని హోంవర్క్ రాసుకుంటున్నాడు. పుండు అలాగే ఉంది, తగ్గేది కాదు. వాసన పోయింది. ఆ మాత్రల ఖర్చు ఒక సినిమా టికెట్ అంత కూడా లేదు.

పడక పుండ్లు రాకుండా చూడటం సులువు, వచ్చాక మాన్పడం చాలా కష్టం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పండి. నడుం కింద, తుంటి, మడమలు, మోచేతులు, చెవి వెనక రోజూ చూడండి. చర్మం ఎర్రబడితే అక్కడ రుద్దకండి, పౌడరు దట్టించకండి. పిక్క కింద దిండు పెట్టి మడమ గాల్లో ఉండేట్టు చూడండి. మధ్యలో బెజ్జం ఉన్న గాలి రింగు మీద కూర్చోబెట్టకండి, మేలు కంటే కీడే ఎక్కువ. దుప్పటి ముడతలు లేకుండా లాగండి, ఒంటేలు తడి వెంటనే మార్చండి. నులక మంచమైతే పైన మందంగా పరుపు వేయాలి. ఎయిర్ బెడ్ ఇచ్చారని తిప్పడం మానేయకూడదు. మన ఎండాకాలం కరెంటు పోతే పంపు ఆగి పరుపు చప్పబడుతుంది, అప్పుడు ఇంకా తరచుగా తిప్పాలి.

నోరు అందరూ మర్చిపోతారు. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా కలిపి, మెత్తని గుడ్డ వేలికి చుట్టి, రోజుకు నాలుగైదు సార్లు తుడవండి. పెదాలకు వాసెలిన్. నాలుక మీద తెల్లటి పూత ఉంటే డాక్టర్‌కి చెప్పండి, అది ఫంగస్ కావచ్చు, మందుంది.

తిండి, సెలైన్

"తినకపోతే ఎలా బతుకుతాడు" అని ముక్కు మూసి జావ పోస్తారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తలవైపు ఎత్తి కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, మింగాకే రెండో చెంచా. ఏం తినాలని ఉందో అడగండి. ఒకాయన చేపల పులుసు అడిగాడు. ముక్క మింగలేడు. మామిడికాయ వేసిన పులుసు రెండు చుక్కలు నాలుక మీద రాస్తే కళ్లు మూసుకుని చప్పరించాడు, అంతే కావాల్సింది.

చివరి రోజుల్లో ఒళ్లే తిండి వద్దంటుంది. తినకపోవడం వల్ల చనిపోవడం లేదు, చనిపోతున్నారు కాబట్టి తినడం లేదు. ఈ మాట ఇంట్లోవాళ్లకు నెమ్మదిగా చెప్పండి. బలానికి సెలైన్ పెట్టించమని ఒత్తిడి వస్తుంది. ఆ దశలో ఎక్కించిన నీళ్లు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో చేరి గరగర, ఆయాసం పెంచవచ్చు. అవసరమా కాదా అన్నది డాక్టరు చెప్పాలి.

ఎనిమిదో అడుగు: చూసుకునే మనిషిని చూడండి

మంచం మీదున్నవాళ్లను చూసేది ఎక్కువగా కోడలో, భార్యో, పెళ్లి కాని కూతురో. కొడుకులు బెంగళూరులోనో, హైదరాబాద్‌లోనో, గల్ఫ్‌లోనో ఉండి వీడియో కాల్‌లో సలహాలు ఇస్తుంటారు. ప్రతిసారీ ఆమెను పక్కకు పిలిచి "నువ్వు ఎప్పుడు తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు" అని అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. వారానికి రెండు సార్లు ఒక వాలంటీరు రెండు గంటలు కూర్చుంటే ఆమె తలస్నానం చేసి నిద్రపోతుంది. మా పని మొత్తంలో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకునేది ఆ రెండు గంటల్నే.

కాగితాలు, డబ్బు

పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్లకు 2024 నుంచి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, సచివాలయంలో దరఖాస్తు పెట్టించి, సర్టిఫికెట్ పని మీరే దగ్గరుండి చేయించండి. క్యాన్సర్ చికిత్సలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది, డబ్బు కట్టేముందు ఆసుపత్రిలో ఆ పథకం డెస్క్ దగ్గర అడగమని చెప్పండి. బ్యాంకు, పొలం కాగితాల మీద సంతకాలు మిగిలి ఉంటే మనిషి తెలివిలో ఉండగానే చేయించుకోమని గుర్తు చేయండి. ఈ మాట చెప్పడం ఇబ్బందిగా ఉంటుంది, అయినా చెప్పాలి. జట్టు ఖర్చులకు వచ్చే ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి, నెలాఖరులో లెక్క పంచాయతీ బోర్డు మీద అంటించండి.

నవంబరు, డిసెంబరు నెలల్లో మనకు తుపాన్లు. హెచ్చరిక రాగానే ప్రతి ఇంటికీ రెండు వారాల మందులు, గాజుగుడ్డ ముందే చేర్చండి. వాగులు పొంగాక వెళ్లలేం. తీరంలో ఉన్నవాళ్లను పునరావాస కేంద్రానికి తీసుకెళ్లాల్సి వస్తే మంచం మీదున్నవాళ్ల పేర్లు వీఆర్వో దగ్గర ముందే ఉండాలి.

తొమ్మిదో అడుగు: చివరి రోజులు

ఎక్కువసేపు నిద్రలోనే ఉంటారు. ఒంటేలు తగ్గి ముదురు రంగులో వస్తుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి. ఊపిరి ఆగి ఆగి వస్తుంది. గొంతులో గరగర వినిపిస్తుంది. ఇవన్నీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టాలి. చెప్పకపోతే ఆ రాత్రి రెండింటికి భయపడి ఎక్కడికో ఎక్కించుకుని పోతారు, దారిలోనే ప్రాణం పోతుంది.

గరగరకు పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తగ్గకపోతే డాక్టర్‌ని అడగండి, ఇంజెక్షన్ ఉంది. ఆయాసానికి కిటికీ తెరిచి ముఖానికి గాలి తగిలేలా ఫ్యాను పెట్టండి. మంచం చుట్టూ గుమికూడిన జనాన్ని కాస్త వెనక్కి జరపండి. మాట్లాడలేకపోయినా వినిపిస్తుందనే అనుకుని మాట్లాడండి, పక్కన కూర్చుని ఆస్తుల గొడవ మాట్లాడకండి. కొన్ని ఇళ్లలో మంచం మీద నుంచి కిందికి దించుతారు, తులసి తీర్థం పోస్తారు. కొన్ని ఇళ్లలో కలిమా చదువుతారు, మక్కా నుంచి తెచ్చిన జంజం నీళ్లతో పెదాలు తడుపుతారు, ఇంకొన్నిట్లో పాస్టరు ప్రార్థన చేస్తాడు. దేనికీ అడ్డు చెప్పొద్దు. దించాలంటే ముందు పరుపు వేయించి, దుప్పటితో సహా నలుగురు పట్టుకుని మెల్లగా దించమనండి, తీర్థం ఒక చుక్కతో పెదాలు తడిపితే చాలనండి.

108కి ఫోన్ చేయాలా వద్దా అన్నది తెలివిగా ఉండగానే ఆ మనిషితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడి తేల్చుకోవాలి. వెంటిలేటర్ లాంటివి వద్దని ముందే రాసి పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో ఆ పద్ధతిని తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. కావాలన్నవాళ్లకు ఈ పని చేయించి పెట్టండి. జబ్బు వివరాలతో డాక్టరు రాసిన ఒక పేజీ కాగితం ఇంట్లో కనిపించే చోట ఉంచితే, తర్వాత మరణం నమోదుకీ పనికొస్తుంది. నమోదు 21 రోజుల లోపల చేయించాలి.

ఆ తర్వాత

కబురు రాగానే ఒకరు వెళ్లండి. గొట్టాలు తీయడం, ఒళ్లు తుడవడం నర్సు దగ్గరుండి చేస్తే ఇంట్లోవాళ్లకు పెద్ద ఊరట. మిగిలిన మార్ఫిన్ లెక్కపెట్టి, ఇంట్లో ఒకరితో సంతకం పెట్టించుకుని వెనక్కి తీసుకోండి. ఎయిర్ బెడ్ ఆ రోజు అడగకండి.

పెద్దకర్మ అయిన వారం తర్వాత మళ్లీ వెళ్లండి. అప్పటికి చుట్టాలు వెళ్లిపోయి ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఏ మందూ తీసుకెళ్లక్కర్లేదు, ఒక గంట కూర్చుంటే చాలు. ఆ కోడలు అడుగుతుంది, "నేను సరిగ్గా చూశానా అక్కా?" అని. ఆమె ఏమేం చేసిందో, ఏ రాత్రి ఎన్నిసార్లు లేచిందో మీకు తెలుసు కదా, ఒక్కొక్కటీ గుర్తు చేసి చెప్పండి. వచ్చేటప్పుడు ఎయిర్ బెడ్ వాళ్లే తెచ్చి ఆటోలో పెడతారు. దాన్ని సబ్బునీళ్లతో కడిగి, పలచని బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, నీడలో ఆరబెట్టి, రాత్రంతా పంపు వేసి ఉంచి ఎక్కడైనా గాలి పోతుందేమో చూడండి. పొద్దున రిజిస్టర్‌లో తర్వాతి పేరు ఎవరిదో చూసి ఫోన్ చేయండి.